ముగ్గురు చిన్నిలను విన్న మైకు

నేను ఒక మైక్రోఫోనును. లోకం నన్ను క్లుప్తంగా మైకు అంటుంది. పెళ్ళిపందిట్లో గీపెట్టే సాధనాన్నీ, ఎన్నికల సభలో వక్త పిడికిట్లో నలిగిపోయే సాధనాన్నీ కూడా అదే పేరుతో పిలుస్తుంది. అందుకు నాకు అభ్యంతరం లేకపోలేదు. అయితే వాదించడం నా వృత్తి కాదు. వినడం నా వృత్తి. నలభై ఏళ్ళకు పైబడి విన్నాను. విన్నదానికి ఒక్క అక్షరం చేర్చలేదు, ఒక్క అక్షరం మింగలేదు. ఈ మాట తమను గురించి చెప్పుకోగల మనుషులు ఎందరున్నారో మీరే ఆలోచించండి.

నా జననం జర్మనీ దేశంలోని ఒక చిన్న పట్టణంలో జరిగింది. వెంట్రుక కంటె సన్నని రాగితీగను చుట్టి నాకు ప్రాణం పోసినది ఒక నడివయసు స్త్రీ. చుట్టడం పూర్తయ్యాక నన్ను పరీక్షించడానికి ఆమె ఒకటి నుంచి పది వరకు అంకెలు చదివింది. ఆ రోజు ఆమెకు జలుబు. కనుక నేను ఈ లోకంలో మొట్టమొదట విన్న మానవస్వరం ముక్కుతో పలికిన జర్మను అంకెలు. తరువాత నన్ను గడ్డితో పొదిగిన పెట్టెలో పెట్టి ఓడ ఎక్కించారు. మద్రాసు రేవులో దిగిన నాలుగు నెలలకు కోస్తాలోని ఒక ప్రభుత్వ రేడియో కేంద్రంలో ఉద్యోగంలో చేరాను.

అక్కడ నా ముందు కూర్చున్న ప్రధాన అనౌన్సరు సోమయాజులుగారు. వార్తలకు పావుగంట ముందే వచ్చేవారు. గోరువెచ్చని నీళ్ళు తాగేవారు. దగ్గవలసి వస్తే నా నుంచి ముఖం తిప్పుకొని దగ్గేవారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసు పూర్తిచేసి, చివరి రోజున శ్రోతలకు నమస్కరించి, సెలవు పుచ్చుకొని, శాలువా కప్పించుకొని ఇంటికి వెళ్ళారు. ఉద్యోగ విరమణ అంటే అలా ఉంటుందని నేను అనుకున్నాను. కాని అదే కుర్చీలో నెలకు ఆరు రోజులు చొప్పున కూర్చునే క్యాజువల్ అనౌన్సర్లు కూడా ఉండేవారు. వచ్చే నెల పిలుపు వస్తుందో రాదో వారికి తెలియదు. వారిలో ఎవరికీ శాలువా కప్పడం నేను చూడలేదు. ఒక నెల వచ్చేవారు, మరుసటి నెల వచ్చేవారు కారు, అంతే. నేను అప్పట్లో దీనిని పెద్దగా పట్టించుకోలేదని ఒప్పుకోవాలి. నాది పర్మనెంటు పోస్టు.

కొత్త యంత్రాలు వచ్చినప్పుడు నన్ను వేలం వేశారు. అప్పుడే రాజమండ్రి దానవాయిపేటలో, మూడో అంతస్తులో, రేడియో గలగల అనే ప్రైవేటు ఎఫ్ఎం స్టేషను తెరవబోతున్నారు. దాని ఇంజనీరు పిల్లి ఇమ్మానియేలు వేలంలో కొన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకొని పరీక్షించి, నా వంతు వచ్చేసరికి ఆగిపోయాడు. "ఇదేంటండీ బాబూ, ఇది మనిషి గొంతుని మనిషి గొంతులాగే ఇస్తంది," అన్నాడు. నా జీవితంలో అందుకున్న ప్రశంసాపత్రం అదొక్కటే. ఆ పూటే నన్ను స్టూడియోలో, శబ్దాలను కలిపే మిక్సరు పక్కన, ఇనుపచేతికి బిగించాడు. నాకు ఎదురుగా గాజుగోడ; గాజుకు అవతల కంట్రోల్ రూము. మిక్సరు మీద ఫేడరు అనే మీట ఉంటుంది. దానిని పైకి తోస్తే నేను విన్నది ఊరంతా వింటుంది. కిందికి దించితే ఊరు వినదు. కాని నేను వింటూనే ఉంటాను. ఈ చిన్న సంగతి మనుషులు తరచు మరచిపోతారు. నాకు తెలిసిన రహస్యాలలో అధికభాగం ఆ మతిమరుపు పుణ్యమే.

ఈ స్టేషనులో ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు నడిచే కార్యక్రమానికి ఆర్జే చిన్ని. ఈ చిన్ని ఎవరో మొదట చెప్పాలి. చిన్ని అనేది మనిషి పేరు కాదు, కంపెనీ ఆస్తి. ముంబయిలోని ప్రధాన కార్యాలయం ఆ పేరును నా కంటె ముందే ఆస్తుల జాబితాలో రాసుకుంది. ఉద్యోగంలో చేరే ప్రతి ఆర్జే ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి. అందులో పద్నాలుగో నిబంధన ప్రకారం ప్రసారంలో తన అసలు పేరు పలకరాదు. పలికితే ఉద్యోగం పోతుంది. పోయేటప్పుడు ఇవ్వవలసిన రిలీవింగ్ లెటరు కూడా రాదు. ఆ కాగితం లేనివారిని ఈ వృత్తిలో మరే స్టేషనూ తీసుకోదు. మనిషి వెళ్ళిపోయినా పేరు మిగులుతుంది. మిగిలిన పేరులోకి మరో మనిషి వచ్చి కూర్చుంటుంది. శ్రోతలకు తేడా తెలియదని ముంబయివారి గట్టి నమ్మకం.

మొదటి చిన్ని హర్షిత, ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల. రెండు మాటలు చెబితే మూడుసార్లు నవ్వేది. రెండో చిన్ని రోజీ. గొంతు మంచిదే కాని పొడవైన వాక్యం చివర ఊపిరి అందేది కాదు. ఇద్దరూ ఒకే పద్ధతిలో వెళ్ళారు. షో ముగించి, "రేపు ఉదయం మళ్ళీ కలుద్దాం" అని చెప్పి, బయటికి వచ్చాక వారిని ఒక గదిలోకి పిలిచారు. గుర్తింపు కార్డు తీసుకున్నారు. మళ్ళీ స్టూడియోలో అడుగు పెట్టనివ్వలేదు. ఇది ఈ పరిశ్రమలో స్థిరపడిన ఆచారం. ఉద్యోగం పోయిందని తెలిసిన మనిషిని తెరిచి ఉన్న మైకు ముందు కూర్చోబెట్టకూడదట. మాటకారితనానికి జీతమిచ్చి పెట్టుకున్న వారి మాటకే ఇంత భయపడడం నాకు వింతగా తోచింది. ఆ విధంగా, ఈ స్టేషనులో చేరిన తరువాత నేను వేల శుభోదయాలు విన్నాను. ఒక్క వీడ్కోలు కూడా వినలేదు.

మూడో చిన్ని మట్టపర్తి సత్యవేణి. అంబాజీపేట ఆమె సొంత ఊరు. ప్రైవేటు బళ్ళో తెలుగు చెబుతూ, పత్రికలో ప్రకటన చూసి గొంతు పరీక్షకు వచ్చింది. చేరినప్పుడు ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. మొదటి వారం నా ముందు భయంతో బిగుసుకుపోయి పాఠం చెబుతున్నట్టు మాట్లాడింది. రెండో వారం ఒక పాట పేరు తప్పు చెప్పి, పాట అయ్యాక, "తప్పు చెప్పానండీ, క్షమించండి," అని ఊరందరి ముందు ఒప్పుకుంది. తప్పు ఒప్పుకోకూడదనీ, ఏమీ జరగనట్టు నవ్వేసి ముందుకు సాగాలనీ శిక్షణలో నేర్పుతారు. ఆమె మాత్రం తొమ్మిది సంవత్సరాల పాటు ఒప్పుకుంటూనే ఉంది.

ఆ తొమ్మిది సంవత్సరాలలో స్టేషను సన్నబడింది. మధ్యాహ్నం షో మొదట హైదరాబాదుకు వెళ్ళింది. అంటే అక్కడ ఎవరో నాలుగు రోజుల మాటలు ఒక్క పూటలో రికార్డు చేస్తారు. యంత్రం వాటిని మా ఊళ్ళో వరసగా వినిపిస్తుంది. తరువాత సాయంత్రం షో వెళ్ళింది. వార్షిక ఒప్పందం ఆరు నెలలది అయింది. ఆరు నెలలది మూడు నెలలది అయింది. స్టేషను మేనేజరు కలిదిండి రామభద్రరాజుగారు ప్రతిసారీ కాగితం తెచ్చి, "పైవాళ్ళు అన్నారమ్మా," అనేవారు. ఆయన పూర్తి వాక్యాలు మాట్లాడడం ఆ సంవత్సరాలలోనే తగ్గిపోయింది.

ఇక జరిగిన సంగతికి వస్తాను. అది ఒక శుక్రవారం. తరువాత వరసగా సెలవులు ఉన్నాయి.

మా స్టేషనులో ప్రతి రోజుకూ లాగ్ అని ఒక పట్టిక ఉంటుంది. ఏ నిమిషానికి ఏ పాట, ఏ ప్రకటన, ఎక్కడ ఆర్జే మాట్లాడాలి అన్నది అందులో ఉంటుంది. మరునాటి లాగ్ ముంబయి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి వస్తుంది. సెలవులకు వెళ్ళే తొందరలో అక్కడి ఉద్యోగి ఎవరో దానిని ఉదయమే పంపేశారు. షో మధ్యలో పాట నడుస్తుండగా మరునాటి లాగ్ తెరిచి చూడడం ఆర్జేల అలవాటు. రేపు ఏ పాటలున్నాయో తెలిస్తే ఏం మాట్లాడాలో ఈ రోజే ఆలోచించుకోవచ్చు. పదీ పదిహేనుకు సత్యవేణి దానిని తెరిచింది. "చిన్ని – లైవ్" అని ఉండవలసిన గళ్ళన్నిటిలో "చిన్ని – హైదరాబాద్ – రికార్డెడ్" అని ఉంది. పక్కన రికార్డింగుల పేర్లు: ఉదయం నవ్వు ఒకటి, ఉదయం నవ్వు రెండు, ఎండ కాస్తే, వాన పడితే.

ఆమె వాటిని పైకి చదివింది. ఫేడరు కిందికే ఉంది కనుక నేను తప్ప ఎవరూ వినలేదు. "వాన పడితే," అని రెండోసారి చదివి ఊరుకుంది. పదకొండూ పావుకు సమావేశపు గదికి రావాలని ముందు రోజే ఆమెకు చెప్పారు. హైదరాబాదు నుంచి మానవ వనరుల విభాగం అమ్మాయి ఒకరు వచ్చి రిసెప్షనులో కూర్చున్నారని కూడా తెలుసు. ఇక తెలియనిదేమీ మిగలలేదు.

టాక్‌బ్యాక్ స్విచ్చు నొక్కి, కంట్రోల్ రూముకు వినిపించేలా, "రాజుగారూ, ఒకసారి లోపలికి వస్తారా?" అంది.

రాజుగారు వచ్చారు. తెరమీద లాగ్ చూశారు. "అయ్యో," అన్నారు. తరువాత, "ఇది ఇప్పుడెందుకు పంపేర్రా వీళ్ళు," అని గొణుక్కున్నారు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసండి?"

"సోమవారం నుంచి. పదకొండుంపావుకి చెబుదామనీ..."

"షో అయ్యాక."

"పద్ధతి అదేకదమ్మా."

"ఆ పద్ధతి ఎందుకో కూడా తెలుసండి. కోపంలో మైకు ముందు ఏం వాగేస్తామోనని." ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఎవర్నీ తిట్టనండి. నా పేరు చెప్పి, వెళ్తున్నానని చెప్పి వెళ్తాను."

రాజుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన అంత దగ్గరగా వచ్చి మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు. "సత్యవేణీ, పెద్దవాణ్ణి, నా మాట విను. వైజాగ్ వాళ్ళు నీ గురించి నన్ను అడిగారు. నేను చాలా మంచిగా చెప్పాను. ఆ లెటరు పట్టుకెళ్తే వచ్చే నెల అక్కడ కూర్చుంటావు. పేరు చెప్పావనుకో, లెటరు రాదు. లెటరు లేకపోతే ఈ లైన్లో ఇంక అయిపోయినట్టే. ఒక్క ముక్క కోసం ఎందుకమ్మా?"

"అక్కడ నన్నేమని పిలుస్తారండి?"

ఆయన తెరమీది లాగ్ వైపు చూశారు.

"ఏదో బుజ్జో, స్వీటీయో పెడతారు. ఎన్నాళ్ళకో అక్కడా ఇలాగే లాగ్ వస్తుంది. అప్పుడు మళ్ళీ లెటరు కోసం నోరు మూసుకోవాలి. ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి కదండీ. ఇక్కడ నాకు తొమ్మిదేళ్ళండి. ఇక్కడే చెప్తాను." హెడ్‌ఫోన్ మళ్ళీ తగిలించుకుంది. "మీకు ఇబ్బందయితే అక్కడ ఆటో బటన్ ఉంది కదండీ, నొక్కేయండి. నేనేమీ అనుకోను."

ఆటో బటన్ అంటే కంట్రోల్ రూములో ఉండే ఎర్రని మీట. దానిని నొక్కితే నా గొంతు మూగబోయి యంత్రం పాటలు అందుకుంటుంది. రాజుగారు లేచి వెళ్ళి ఆ బల్ల ముందు నిలబడ్డారు. గాజులోంచి ఆయన చూపుడువేలు నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

పదీ ఇరవై రెండుకు పాట ముగిసింది. ఆమె ఫేడరు పైకి తోసింది. నేను సేవలో ఉన్న ఇన్ని సంవత్సరాలలో అంత నిలకడైన ఊపిరి నాకు తగలలేదు.

"టైము పదీ ఇరవై రెండు. కంబాలచెరువు దగ్గర పైపులైను పని జరుగుతోంది, ఆటోలవాళ్ళు దేవీచౌక్ మీదుగా వెళ్ళండి. ఇంకో సంగతి. తొమ్మిదేళ్ళుగా మీతో చిన్ని అని చెప్పుకుని మాట్లాడుతున్నాను. నా పేరు మట్టపర్తి సత్యవేణి. మాది అంబాజీపేట. ఈ రోజు పదకొండు గంటలతో ఇక్కడ నా పని అయిపోతుంది. రేపు కూడా చిన్ని మాట్లాడుతుంది, వినండి. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెదీ నాలాంటి ఉద్యోగమే. కాని అది నేను కాదు. చెప్పకుండా వెళ్ళడం నాకు అలవాటు లేదు, అందుకని చెబుతున్నాను. ఇప్పుడు పాట."

రాజుగారి వేలు ఆ మీట మీదే ఉంది. నొక్కలేదు. తరువాత ఆ చేతిని మెల్లగా ప్యాంటు జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు కంట్రోల్ రూము తలుపు దబ్బున తెరుచుకుంది. రిసెప్షనులోని స్పీకరులో ఇదంతా విని, ఆకాంక్ష అనే ఆ హైదరాబాదు అమ్మాయి పరుగున వచ్చింది. టాక్‌బ్యాక్ తెరిచే ఉన్నందున వారి మాటలు మాకు వినిపించాయి.

"రాజుగారూ, ఇది వయొలేషన్ కదండీ! కట్ చేయండి, ప్లీజ్!"

"చేయొచ్చమ్మా," అన్నారు రాజుగారు నిదానంగా. "కాని ఈ గంట లాగ్‌లో చిన్ని లైవ్ అని ఉంది. మెషీన్ దగ్గర ఈ గంటకి రికార్డింగ్ లేదు. కట్ చేస్తే ఖాళీ వస్తుంది. అయిదు సెకన్లు సైలెన్స్ వస్తే ముంబయి నుంచి ఎవరికి ఫోన్ వస్తుందో తెలుసా మీకు?"

"ఎవరికి?"

"ఎవరు కట్ చేయమన్నారో వాళ్ళకి."

మీట నొక్కితే యంత్రమే పాటలు అందుకుంటుందనీ, ఖాళీ రాదనీ రాజుగారికి తెలుసు. అక్కడే యంత్రాల దగ్గరున్న ఇమ్మానియేలుకు తెలుసు. నాకూ తెలుసు. ఆ అమ్మాయికి మాత్రం తెలియదు. గోడకు ఆనుకుని నిలబడి, ఏం చేయాలో ఫోనులో ఎవరినో అడగసాగింది. సెలవులకు ముందురోజు కావడం వల్ల అవతల ఎవరూ ఎత్తలేదు.

స్టూడియో ఫోను అప్పటికే ఎర్రగా మినుకుమంటోంది. సత్యవేణి దానిని ప్రసారంలోకి తీసుకుంది.

"హలో, ఎవరండీ?"

"నేనండి, తాడితోట మీరావలినండి. టైలర్ని."

"చెప్పండి మీరావలిగారూ."

"పేరు ఇయ్యాల చెప్పేరు గానీండి, మీరు మూడో ఆవిడని మాకు ఎప్పుడో తెల్సండి."

సత్యవేణి హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకుంది. గాజుకు అవతల ఆకాంక్ష ఫోను దించి చూసింది.

"ఏమన్నారండీ?"

"మొదటమ్మాయికి నవ్వు జబ్బండి. మా మావ పోయిన రోజు ఆయనకి ఇష్టమైన పాట అడిగితే, దానిక్కూడా నవ్వేసింది. రెండో ఆవిడకి ఆయాసం. మీరేమో తప్పు చెప్తే సారీ చెప్తారు. పొద్దున్నించి మిషను తొక్కుతా వింటన్నాం, ఆ మాత్రం తెలీదేంటండీ? మేమేవన్నా చెవిటోళ్ళమా?"

"మరి తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అనలేదేంటండీ?"

"మీరే చిన్నినని చెప్పుకుంటంటే, కాదని మొహం మీద ఎలాగంటామండీ? బాగోదు కదా!"

ఆమె నవ్వింది. శిక్షణలో నేర్పిన నవ్వు కాదు. గాజుకు అవతల ఇమ్మానియేలు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మీరావలి మాత్రం ఆగలేదు. "సత్యవేణిగారూ, పేరు బావుందండి. మా ఆవిడ అంటంది, ఇంత బావున్న పేరెట్టుకుని ఆ చిన్నేంటని," అన్నాడు.

ముంబయివారు ఎన్నో సర్వేలు చేయించారు. ఏ పాటకు ఎందరు స్టేషను మారుస్తారో వారికి దశాంశ స్థానాలతో సహా తెలుసు. ఒక ఊరు ఊరంతా మర్యాద కోసం తొమ్మిదేళ్ళు తెలియనట్టు నటించగలదన్న విషయం ఏ పట్టికలోనూ లేదు.

పదకొండింటి వరకు ఆమె లాగ్‌లో ఉన్నవన్నీ ఉన్న క్రమంలో వేసింది. ఒక్క ప్రకటన వదలలేదు. చివరిగా, "ఇన్నాళ్ళూ విన్నందుకు నమస్కారం. సెలవు," అంది. ఫేడరు దించింది. ప్రైవేటు సర్వీసులో నేను విన్న తొలి వీడ్కోలు అదే; రెండు వాక్యాలలో ముగిసింది.

తలుపు దగ్గర ఆకాంక్ష నిలబడి ఉంది. "కార్డు ఇవ్వండి," అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "లెటర్ రాదండీ మరి," అంది.

"తెలుసమ్మా. నీ పేరు ఆకాంక్షేనా? అసలు పేరేనా?"

"అసలుదేనండీ."

"దాన్ని జాగ్రత్తగా చూసుకో," అని సత్యవేణి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరునాడు ఉదయం ఏడు గంటలకు స్టూడియోలో ఎవరూ లేరు. యంత్రం తనంతట తాను మేలుకొని ఉదయం నవ్వు ఒకటి వేసింది. "నాకు కాల్ చేయండి," అని నాలుగో చిన్ని హుషారుగా పిలిచింది. జనం ఫోన్లు చేశారు. చీకటి గదిలో ఫోను దీపం పదకొండింటి వరకు ఎర్రగా మినుకుతూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. నా నుంచి ఎవరికీ ఏమీ అందలేదు.

ముంబయివారికి ఈ సంగతి ఆరు రోజుల తరువాత తెలిసింది. ఎవరో శ్రోత ఆ చివరి గంటను ఫోనులో రికార్డు చేసి పంచుకున్నాడు. విచారణ జరిగింది. రాజుగారు స్పీకరు ఫోనులో, ఖాళీ స్టూడియోలోనే కూర్చుని సమాధానం చెప్పారు. పొరపాటున జరిగిందని రాసిమ్మని వారే దారి చూపించారు. "పొరపాటు కాదండి," అన్నారాయన. "ఆమె ముందే నాకు చెప్పింది. నేను వినే వదిలేశాను. అలాగే రాసుకోండి." పైవాళ్ళతో ఆయన పూర్తి వాక్యాలు మాట్లాడడం చాలా ఏళ్ళ తరువాత విన్నాను. ఆ నెలాఖరుకు ఆయన కార్డు కూడా తీసుకున్నారు.

తరువాత స్టూడియో అవసరం లేదని తేల్చారు. బీరువా అంత యంత్రం ఒకటి చాలట. ఇమ్మానియేలు చేత ఆస్తుల జాబితా రాయించారు. నా పేరు ఎదురుగా అతడు "పాతది, పనికిరాదు" అని రాశాడు. ఆ అబద్ధానికి నేను మొదట నొచ్చుకున్నాను. సాయంత్రం అతడు నన్ను తువ్వాలులో చుట్టి స్కూటరు డిక్కీలో పెట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళినప్పుడు అర్థమైంది. కొన్నాళ్ళు వారి ఫ్రిజ్ మీద పడి ఉన్నాను. సత్యవేణి వైజాగ్ వెళ్ళిందనీ, పరీక్షలో అందరికంటె బాగా చేసిందనీ, లెటరు అడిగి పంపించేశారనీ అక్కడే విన్నాను. విజయవాడలోనూ అదే జరిగింది. ఆమె మాత్రం పరీక్షకు పిలిచిన ప్రతి చోటికీ వెళ్ళింది. "లెటర్ లేదని ముందే చెప్పేసి వెళ్తందంట," అని ఇమ్మానియేలు భార్యతో అన్నాడు. "నా గొంతు విన్నాక లేదనమను, చూద్దావంటంది."

వారు లేదనే అన్నారు. మనుషులు వినగలరు గాని, విన్నదానిని కాగితం ముందు నిలబెట్టలేరు.

నేను ఇప్పుడు రాజమండ్రి ఆర్టీసీ కాంప్లెక్సులో పని చేస్తున్నాను. మీరు నవ్వుకోవచ్చు. జర్మనీలో పుట్టి, సోమయాజులుగారి ఉచ్చారణ విన్నవాడిని, డీజిలు పొగలో, హారన్ల మధ్య, పల్లీల పొట్టు ఎగిరిపడే గాజుగదిలో ఉన్నాను. బస్సుల ప్రకటనలూ, మధ్యమధ్య వ్యాపార ప్రకటనలూ వినిపించే పనిని ఒక ఏజెన్సీ కాంట్రాక్టు తీసుకుంది. వారికి లెటరుతో పని లేదు. గొంతు ఉంటే చాలు. ఉదయం ఆరు నుంచి రెండు వరకు షిఫ్టు, పదకొండు నెలల ఒప్పందం. సత్యవేణి చేరింది. అక్కడున్న మైకు డబ్బాలో గులకరాళ్ళు పోసినట్టు పలుకుతోందని ఆమె ఇమ్మానియేలుకు చెప్పిన మరునాడే అతడు నన్ను తువ్వాలులో చుట్టి తెచ్చి బిగించాడు. ఒక్కసారి ఊది చూసి, "టెస్టింగ్ అక్కర్లేదు, దీనికి మీ గొంతు తెలుసు," అన్నాడు.

మొదటి వారంలోనే బస్టాండు కంట్రోలరు నూకరాజుగారు గది తలుపు తట్టారు. వెనకాల టీ గ్లాసుతో ఒక కండక్టరు.

"ఏమ్మా, బస్సు నంబరు చెప్పమంటే ప్రతిసారీ నీ పేరు చెబుతావేంటి? ఇదేమన్నా మీ రేడియోనా?"

"తప్పు చెప్తే ఎవర్ని తిట్టాలో జనానికి తెలియాలి కదండీ," అంది సత్యవేణి.

"తప్పు చెప్పకుండా ఉంటే సరిపోయె కదా?"

"చెప్పకుండా ఉండడానికే పేరు చెప్పుకుంటున్నానండి."

కండక్టరు టీ ఊదుకుంటూ, "నిజమేనండి. మొన్న నర్సాపురం బండి ప్లాట్‌ఫాం మార్చేరు కదా, ఈవిడ పాత నంబరే చెప్పేసరికి ఓ ముసలాయన బస్సు తప్పిపోయి, 'సత్యవేణెవరు?' అని పేరెట్టి మరీ అడుగుతా వచ్చేడు. ఈవిడ బయటికొచ్చి, తప్పు నాదేనని, పక్క బండి ఆపించి ఎక్కించేరు. ముందరైతే ఎవర్నడగాలో తెలీక నా బుర్ర తినేసేవోరు," అన్నాడు.

నూకరాజుగారు నన్నొకసారి, ఆమెనొకసారి చూశారు. "ఏజెన్సీ వాళ్ళేమన్నా అంటే?"

"వాళ్ళ కాయితం అంతా చదివే సంతకం పెట్టానండి. పేరు చెప్పకూడదని లేదు. ఇకముందు అలా రాసి తెస్తే సంతకం పెట్టను."

"పెట్టకపోతే ఉద్యోగం ఉండదమ్మా."

"ఉన్నన్నాళ్ళూ ఉంటుందండి," అంది ఆమె, ఫేడరు మీద చెయ్యి వేసి. "అమలాపురం బండి వచ్చేసింది. చెప్పాలి, కాస్త జరుగుతారా?"

ఆయన పక్కకు జరిగారు. నేను విన్నదానిని విన్నట్టుగానే, ఒక్క అక్షరం తగ్గకుండా, ఆవరణలోని పన్నెండు స్పీకర్లకూ అందించాను.

"ప్రయాణికులకు నమస్కారం. నేను మట్టపర్తి సత్యవేణిని. రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్ళే బస్సు ఏడో నంబరు ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉంది."

సంచులు లేచాయి. పిల్లలు చంకలకు ఎక్కారు. జనం ఏడో నంబరు వైపు కదిలారు.